మలాము డబ్బాయు సత్య సాక్ష్యమును



ఏండ్ల తరబడి కాలిపుండుతో కుంటుచు నడచు మనిషి మీ ఊరిలో ఒకరైనను ఉండకపోరు. చీలమండకు కొంచెము పైన, లోపలి ప్రక్కన, పాతగుడ్డతో చుట్టిన పుండు అది. కొన్నాళ్లు ఆరినట్లుండును; మరల నీరు కారును. వాసన వచ్చునేమో అను సిగ్గుతో అట్టివారు మందిరములో తలుపు దగ్గరనే కూర్చుందురు. ప్రభువు బల్ల యొద్దకు అందరును వచ్చి వెళ్లిన తరువాత కడపట వత్తురు. ఈ నెల వారిని గూర్చి మీతో మాటలాడ గోరుచున్నాను. వారిలో ఒకరి విషయమై నేను చేసిన తప్పును కూడ దాచక చెప్పవలసియున్నది.

హైదరాబాదులోని హిమాయత్‌నగర్‌ను ఎరిగినవారికి అక్కడి వేకువజాము తెలియును. చీకటి పూర్తిగా విడువకముందే సందుల మొగలలో టిఫిను బండ్ల పొయ్యిలు వెలుగును. నేనెరిగిన ఒక విశ్వాసురాలు అట్టి బండి యొద్ద ఇరువది ఏండ్లకు పైగా దోసెలు పోయుచున్నది. ముగ్గురు బిడ్డల తల్లి. వేకువనే పెనము దగ్గర నిలుచున్న మనిషి మధ్యాహ్నము దాటినగాని కూర్చుండదు. కొన్నేండ్ల క్రిందట ఆమె ఎడమకాలిమీద నరములు త్రాళ్లవలె ఉబ్బెను. చీలమండ యొద్ద చర్మము నల్లబడి దురద పుట్టెను. ఒకనాడు బండి రేకు గీచుకొని చిన్న గాయమాయెను. ఆ చిన్న గాయము అరచేయంత పుండై నాలుగేండ్లు మానలేదు.

ఆమె ప్రార్థన నిమిత్తము నా యొద్దకు వచ్చెను. నేను ప్రార్థించితిని. అంతటితో ఊరకుండక, బల్ల సొరుగులోనుండి ఒక మలాము డబ్బా తీసి ఆమె చేతికిచ్చితిని. ఆ మలాము నాకు ఒక మిత్రుడు ఇచ్చినది. దానిని రాచుకొని ఒక పెద్దమనిషి పుండు మానుట నేను కన్నులార చూచితిని. అది మొదలుకొని, "ఇది తప్పక మాన్పును" అని కనబడిన వారికెల్ల చెప్పుచుంటిని. ఆమెకును అట్లే చెప్పితిని. వారము తిరుగకముందే పుండు చుట్టు చర్మము ఎఱ్ఱనై, పొక్కులెక్కి, ఆమెకు రాత్రులు నిద్ర లేకపోయెను. ఆమె నన్ను నిందించలేదు. "నాకు పడలేదేమో అయ్యగారూ" అని మాత్రము అనెను.

ఆ రాత్రి నేను లెక్క వేసికొంటిని. ఆమెకు ముందు ఆ మలామును నలుగురికి ఇచ్చియుంటిని. ఒకనికి మానెను. అతని కథను పదిచోట్ల చెప్పితిని. మిగిలిన ముగ్గురికి ఏమాయెనో ఒక్కనాడైనను అడుగలేదు. అబద్ధ సాక్ష్యమును గూర్చిన తొమ్మిదవ ఆజ్ఞను ముప్పది ఏండ్లుగా బోధించుచున్న నేను, నాకు తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పి, ఒక పేదరాలి కాలిమీద దాని ఫలమును చూచితిని. నా మనస్సులో మోసము లేదు, నిజమే. కాని ఆమె పొక్కులు నా మనస్సును చూచి తగ్గలేదు.

తరువాత ఆమె సర్కారు దవఖానకు వెళ్లెను. అక్కడి వైద్యుడు చెప్పిన సంగతి మీరును తెలిసికొనుట మంచిది. మనము నరములు అని పిలుచునవి నిజముగా నెత్తుటి సిరలు. కాళ్లలోని నెత్తురు క్రిందనుండి మీదికి, గుండె వైపునకు ఎక్కవలెను. నడచునప్పుడు పిక్క కండరము పిండినట్లు నొక్కుటచేత అది మీదికి పోవును. ఎక్కినది మరల జారకుండ సిరలలోపల చిన్న చిన్న తలుపులు గలవు. ఆ తలుపులు చెడినయెడల నెత్తురు క్రిందికి జారి, చీలమండ యొద్ద ఒత్తిడి పెరుగును. నీరు దిగును, చర్మము చచ్చుబడును, చిన్న గీత కూడ మానని పుండగును. కాబట్టి పుండు పైననున్నను దాని మూలము సిరలోనున్నది. మనము పుండుమీద ఎన్ని పసరులు పోసినను, మూలమును ముట్టుకొననంతవరకు అది మరల మరల తెరచుకొనును.

దీనికి ఈనాటికిని మొదటి చికిత్స బిగింపు కట్టే. కాలివ్రేళ్ల మొదటినుండి మోకాలి క్రిందివరకు సాగుడు పట్టీని క్రమముగా చుట్టుదురు. పడుకొన్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకొనవలెను, కూర్చుండిపోక నడువవలెను. అయితే ఒక జాగ్రత్త. పాదమునకు నెత్తురు తెచ్చు ధమని మూసికొనిపోయిన వారికి ఈ బిగింపు కట్టు కట్టినయెడల కాలికే మోసము రావచ్చును. అందుచేత వైద్యుడు ముందుగా పాదముమీద నాడి చూచి, డాప్లర్ యంత్రముతో పరీక్షించి, అటుతరువాతనే కట్టు కట్టించును. పుండు ఉన్నదని ఇంటిలో ఎవరికి తోచినట్లు వారు బిగించి కట్టరాదు. మధుమేహము గలవారు మరింత జాగ్రత్త పడవలెను.

కొన్ని నెలలకు ఆమె మరల వచ్చెను. ఈసారి చేతిలో మడిచిన కాగితములుండెను. "అయ్యగారూ, దవఖానాల కొత్త రకం పట్టీని పరీక్ష చేస్తున్నరంట. నన్ను గూడ చేరమంటున్నరు. చీటీ తీస్తరంట. చీటీల పాత పట్టీ వస్తె పాతదే కడ్తరు, కొత్తది వస్తె కొత్తది. నా కాలు వాళ్లకు పరీక్షకు దొరికిందా? నేను సంతకం పెట్టాల్నా, వద్దా? మీరు చెప్పినట్లు చేస్త" అనెను.

మీరు చెప్పినట్లు చేస్త! ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మలాము విషయములోను ఆమె నేను చెప్పినట్లే చేసెను గదా. "అమ్మా, నాకు ఒక వారము గడువియ్యి. ఈసారి తెలిసికొని చెప్పెదను" అంటిని. ఆ వారములో నేను చదివినదియు ఆలోచించినదియు మీ యెదుట పెట్టుచున్నాను. మీ సంఘములోను ఎవరైనను ఈ ప్రశ్న అడుగవచ్చును.

మందును పరీక్షించుట అవసరమా? ప్రేమతో ఇచ్చినది చాలదా? చాలదని మన హైదరాబాదే ఒక సాక్ష్యము చెప్పుచున్నది. హిమాయత్‌నగర్‌కు దగ్గరలోనే కోఠీయందు పాత రెసిడెన్సీ భవనము గలదు. నిజాము కాలమున అక్కడి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు. శస్త్రచికిత్సలో మత్తు కొరకు ఇచ్చు క్లోరోఫారము గుండెకు నేరుగా హాని చేయదనియు, రోగి ఊపిరిని కనిపెట్టియుండిన చాలుననియు ఆయన దృఢముగా నమ్మెను. ఆ సంగతి తేల్చుటకు 1888లో ఒక కమిషను కూర్చుండెను. దాని తీర్పును అందరు ఒప్పుకొననందున, నిజాము ప్రభుత్వము వెయ్యి పౌన్లు ఇచ్చి, లండనులోని లాన్సెట్ పత్రిక ద్వారా లాడర్ బ్రంటన్ అను గొప్ప వైద్యుని రప్పించగా, 1889లో రెండవ కమిషను జరిగెను. వందలకొలది జంతువులమీద ప్రయోగములు చేసిరి. లారీ నమ్మినదే నిజమని తీర్పు వచ్చెను. అయినను 1911లో గుడ్‌మన్ లేవీ అను వైద్యుడు, తేలికపాటి క్లోరోఫారము మత్తులోనే గుండె అకస్మాత్తుగా నిలిచిపోవచ్చునని చూపెను. హైదరాబాదు తీర్పు నిలువలేదు.

చూచితిరా? వారు దుష్టులు కారు, సోమరులును కారు. అంత శ్రమపడి పరీక్షించినవారు కూడ తప్పుటకు వీలుండగా, నలుగురికి మలామిచ్చి ఒకని కథ చెప్పు నావంటివాని మాట ఏపాటిది? మనుష్య హృదయము తాను కోరినదానిని తొందరగా చూచును, కోరనిదానిని చూడక దాటిపోవును. అందుచేత పరీక్షయు హృదయమునకు కళ్లెము వేయు రీతిగా ఉండవలెను.

ఆ కళ్లెమే మన సహోదరి చెప్పిన చీటీ. వైద్యుడే తన ఇష్టము చొప్పున ఎన్నుకొనినయెడల, తెలిసియో తెలియకయో, చిన్న పుండ్లవారికి కొత్త పట్టీయు పెద్ద పుండ్లవారికి పాత పట్టీయు కట్టును. అప్పుడు కొత్తది గెలిచినట్లు కనబడును, గాని గెలిచినది చిన్న పుండే. చీటీకి పక్షపాతము లేదు. అది ధనవంతుని ఎరుగదు, పేదవానిని ఎరుగదు, పాదిరిగారి చుట్టమునైనను ఎరుగదు. పుండు మానెనా లేదా అని కడపట చూచువానికి, ఏ కాలికి ఏ పట్టీ కట్టిరో సాధ్యమైనంతవరకు తెలియనీయకుందురు.

ఇది లోకజ్ఞానమేగాని విశ్వాసులకు తగదందురా? దానియేలు గ్రంథపు మొదటి అధ్యాయము తెరచి చూడుడి. ఆ యౌవనుడు రాజు భోజనమును తీసికొనననినప్పుడు, తన దేవుని పేరు చెప్పి అధికారిని బెదిరించలేదు. పది దినములు గడువు పెట్టెను. శాకాహారమును నీళ్లును పుచ్చుకొను తమ ముఖములను, రాజు భోజనము తిను తక్కిన బాలుర ముఖములతో పోల్చి చూచి, చూచినదానినిబట్టి చేయుమనెను. గడువు, పోలిక, కన్నులతో చూచి తీర్పు తీర్చుట, ఈ మూడును అందులో నున్నవి. దేవుని శోధించుట వేరు, మన మందును పరీక్షించుట వేరు. మొదటిది అవిశ్వాసము. రెండవది మన మాటను మనమే గద్దింపుకు లోబరచుకొనుట.

ఇట్టి పరీక్షలు కాలిపుండ్ల విషయములో ఏమి నేర్పెనో రెండు ఉదాహరణలు చెప్పెదను. తేనె పూసిన పుండు మానునని మన ఇండ్లలో చెప్పుకొందుము. న్యూజిలాండు దేశములో కాలిపుండ్లుగల 368 మందిని చీటీలవంటి పద్ధతిచేత రెండు గుంపులు చేసి, ఒక గుంపువారికి తేనె కట్టును, రెండవ గుంపువారికి మామూలు కట్టును వేసి పరీక్షించిరి. అందరికిని బిగింపు పట్టీ కట్టిరి. 2008లో ఫలితము వెల్లడియాయెను. తేనెవలన పుండ్లు మానుటలో నమ్మదగినంత భేదము కనబడలేదు. నొప్పి మొదలగు బాధలు తేనె గుంపులోనే ఎక్కువాయెను. తేనె మంచి ఆహారమే. అయినను ఈ పుండునకు అది మనము అనుకొన్న మందు కాలేదు.

రెండవది ఇంగ్లండులో జరిగినది. సిర చెడినప్పుడు పుండు మానువరకు పట్టీతో కనిపెట్టి, తరువాత సిరకు చికిత్స చేయుట వాడుక. ముందే సిరను లోపలనుండి మూసివేయుట మేలుకాదా అని 450 మంది రోగులతో పరీక్షించిరి. ఇక్కడను అందరికిని బిగింపు పట్టీ కట్టిరి. 2018లో వెల్లడియైన లెక్క ఇది: ముందే సిరకు చికిత్స పొందిన గుంపులో సగముమంది పుండ్లు 56 దినములలోపల మానెను, ఆలస్యముగా పొందిన గుంపులో సగముమందికి మానుటకు 82 దినములు పట్టెను. ఇరువదియారు దినముల నొప్పి, వాసన, నిద్రలేమి తగ్గెనన్నమాట. తేనె కాదనిపించినట్టి పరీక్షయే దీనిని ఔననిపించెను. కాదను మాటను ఒప్పుకొననివాడు ఔనను మాటను నమ్మదగినట్టుగా చెప్పలేడు.

"అయితే అయ్యగారూ, చీటీలో పాత పట్టీ వచ్చినవారికి అన్యాయము కాదా?" అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కొత్తది మేలని వైద్యునికి నిశ్చయముగా తెలిసియుండి, సగముమందికి దాచిపెట్టినయెడల అది పాపమే. ఏది మేలో ఎవరికిని నిజముగా తెలియనప్పుడు మాత్రమే చీటీ న్యాయము. అప్పుడును, మేలని ముందే తెలిసిన చికిత్స ఎవరికిని తప్పిపోకూడదు. పై రెండు పరీక్షలలోను బిగింపు పట్టీ లేక ఎవరిని విడిచిపెట్టలేదని గమనించుడి. అంతేకాదు, కొత్తది అనిన మాట మేలైనది అను మాట కాదు. కొత్త మలాము పడి పొక్కులెక్కిన కాలు నేను చూచితిని.

ఇంతవరకు తొమ్మిదవ ఆజ్ఞను గూర్చి చెప్పితిని. ఇక దానికి ముందున్న ఎనిమిదవ ఆజ్ఞ ఒకటి గలదు, దొంగతనమును గూర్చినది. అడుగకుండ ఒకని ఎద్దును తోలుకొనిపోవుట దొంగతనమైనయెడల, అడుగకుండ ఒకని దేహమును పరీక్షకు వాడుకొనుట ఎంత గొప్ప దొంగతనము! ఇది ఊహకాదు. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సరును ఆపు టీకాను వేలకొలది బాలికలకు వేసి పరిశీలించిరి. వారిలో అనేకులు వసతిగృహములలో నున్న గిరిజన బాలికలు. తలిదండ్రులను అడుగకుండ అనేకచోట్ల వసతిగృహపు వార్డెనులచేత సంతకములు చేయించిరి. 2010లో ఆ పని నిలిచిపోయెను. కొందరు బాలికల మరణములు టీకావలన కలిగినట్లు విచారణలో తేలలేదు. అయినను 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము, అంగీకారము తీసికొనిన రీతిని తీవ్రముగా తప్పుపట్టెను. ఆ టీకా మంచిదే, అనేక దేశములలో మేలు చేయుచున్నది. కాని మంచి మందు అగుటచేత అడుగకపోవుట మంచి కాలేదు. తండ్రి బ్రదికియుండగా వార్డెను చేసిన సంతకము ఎవరి సంతకము?

ఇట్టి సంగతుల తరువాత మన దేశములో కట్టుబాట్లు గట్టిపడెను. 2019 నాటి నియమముల ప్రకారము కొత్త మందు పరీక్షకు నైతిక సంఘము యొక్క అనుమతి ఉండవలెను. రోగికి తెలియు భాషలో సంగతి వివరించవలెను. చదువురాని వారికి ప్రక్కన నిష్పక్షపాతియైన సాక్షి ఉండవలెను. పరీక్షవలన హాని కలిగినయెడల ఉచిత చికిత్స చేయించవలెను. రోగి ఎప్పుడైనను, కారణము చెప్పకయే, మానుకొనవచ్చును. మానుకొనినందుకు అతని మామూలు చికిత్స ఆగరాదు. మంచి సమరయుని జ్ఞాపకము చేసికొనుడి. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టి, అంతటితో తన దారిన పోలేదు. పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని మాటయిచ్చెను. కట్టు కట్టినవాడు ఆ కట్టు ఫలితమునకు కూడ పూచీపడవలెను.

వారము తిరిగి ఆమె వచ్చినప్పుడు నేను ఇట్లంటిని: "అమ్మా, పెట్టు అనను, వద్దు అనను. నీ కాలు నీది, దేవుడు నీకప్పగించినది. నీవు వెళ్లి ఈ అయిదు మాటలు అడుగు. ఈ పట్టీవలన వచ్చు మేలేమి, కీడేమి? పాత పట్టీ వచ్చినయెడల నాకు మామూలుగా అందవలసిన చికిత్స అంతయు అందునా? మధ్యలో వద్దనవచ్చునా? హాని కలిగిన ఎవరు చూచెదరు? నేను చేరనన్నను నా పుండునకు కట్టు కట్టెదరా? జవాబులు నీకు అర్థమైనగాని వ్రేలు కదపవద్దు. సంకోచమున్నయెడల ఇంటికి వచ్చి బిడ్డలతో మాటలాడు. నన్ను సంతోషపెట్టుటకు చేరవద్దు, వైద్యునికి భయపడి చేరవద్దు."

ఆమె వెళ్లి అడిగెను. రెండుమారులు తిరిగి అడిగెను. పెద్దకూతురు కాగితములు చదివి వినిపించెను. మూడవసారి వెళ్లి తానే సంతకము చేసెను. చీటీలో ఏమి వచ్చినదని నేనడుగగా ఆమె నవ్వి, "పాత పట్టీయే వచ్చింది అయ్యగారూ. పోనీండ్రి. నా తర్వాత వచ్చేటోళ్లకు ఏది మంచిదో తెలువాలంటె, పాతదాని లెక్క గూడ ఎవరన్న ఇయ్యాలె గద" అనెను.

సహోదరులారా, ఆ మాట విని నేను తలవంచుకొంటిని. నేను ఒక డబ్బా చేతపట్టుకొని లెక్కలేని మాటలు చెప్పితిని. ఆమె తన పుండుకాలిని ముందుకు చాపి ఒక సత్యమైన లెక్క ఇచ్చెను. ఆమె పుండు ఇంకను పూర్తిగా మానలేదు. ఆ కొత్త పట్టీ మేలైనదో కాదో ఇంకను ఎవరికిని తెలియదు. తెలియనిదానిని తెలియదని చెప్పుటకు నేను ఇప్పుడు నేర్చుకొనుచున్నాను.

మీతో కడపట రెండు మనవులు. మీ సంఘములో కాలిపుండుతో తలుపు దగ్గర కూర్చున్నవారిని ముందుకు పిలువుడి. రెండు వారములలో మానని పుండును వైద్యునికి చూపించుటకు తోడు వెళ్లుడి. మానిన తరువాతకూడ అది మరల తెరచుకొనును గనుక, వైద్యుడు చెప్పిన బిగింపు మేజోడు విడువవద్దని జ్ఞాపకము చేయుడి. ఇక రెండవది. ఎవరైనను వచ్చి, ఫలాని ఆకు, ఫలాని నూనె, ఫలాని మాత్ర తప్పక మాన్పునని మీతో చెప్పినయెడల, లేక మీరే ఇతరులతో చెప్పబోయినయెడల, ఒక్క ప్రశ్న అడుగుడి: మాననివారు ఎందరు? ఆ లెక్క తెలియనంతవరకు నోటికి కావలియుంచుకొనుడి. నా సొరుగులో ఆ డబ్బా ఇంకను ఉన్నది. ఎవరికిని ఇచ్చుటకు కాదు. సొరుగు తెరచినప్పుడెల్ల ఆ ముగ్గురి సంగతి అడుగుమని అది నాకు జ్ఞాపకము చేయుచున్నది. వారిలో ఇద్దరిని కనుగొంటిని. మూడవవానిని ఇంకను వెదకుచున్నాను.

రోగుల యెడల మనకు ప్రేమను, ఆ ప్రేమకు తగిన సత్యమును దేవుడు అనుగ్రహించును గాక. ఆమేన్.